విడిచి వెళ్ళిన డ్రమ్మరుకు రాయల్టీ ఎందుకు ఆగదు, కొత్తగా వచ్చినవాడికి ఎందుకు రాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీకు ఇష్టమైన ఒక పాత బ్రిటిష్ రాక్ బ్యాండు నుంచి ముప్ఫై ఏళ్ళ క్రితమే తప్పుకున్న డ్రమ్మరుకు పాత ఆల్బముల మీద ఇప్పటికీ డబ్బు వస్తోందనీ, పదిహేనేళ్ళుగా అవే పాటలను వేదికల మీద వాయిస్తున్న ఇప్పటి డ్రమ్మరుకు వాటి మీద పైసా రాదనీ చదివారు, ఇది నిజమేనా, నిజమైతే ఈ వాటాలను ఎవరు, ఏ లెక్కన తేలుస్తారని అడిగారు. నిజమే. లండన్‌లో సంగీతకారుల తరఫున రాయల్టీ లెక్కలు తనిఖీ చేసే పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను; ఇలాంటి బ్యాండ్ల కాగితాలు చాలా చూశాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా చెప్పవలసిన మాట ఏమిటంటే, బ్యాండులో ఇప్పుడు ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నదానికి రాయల్టీ లెక్కల్లో దాదాపుగా చోటు లేదు. ఆ పాటను ఎవరు కట్టారు, ఆ ఫలానా రికార్డింగులో ఎవరు వాయించారు, ఆ రోజుల్లో బ్యాండు అనే వ్యాపారంలో ఎవరు భాగస్థులు అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మూడింటికీ వేర్వేరు ఖాతాల్లో డబ్బు జమ అవుతుంది. ఒకే పొలం మీద పట్టా ఒకరిది, కౌలు ఒకరిది, కూలి ఒకరిది ఉన్నట్టే ఇదీను. పట్టా ఉన్నవాడు ఊరు విడిచి పట్నం చేరినా పొలం అతనిదే. పదిహేనేళ్ళు దున్నినంత మాత్రాన కూలికి వచ్చినవాడికి పొలం రాదు. (కౌలు చట్టాల సంగతి వేరు, వాటిని ఇక్కడికి లాగవద్దు.)

మొదటి ఖాతా రచనది. పాటకు, అంటే బాణీకీ సాహిత్యానికీ, ఒక కాపీరైట్ ఉంటుంది. ఆ పాటను స్టూడియోలో పాడి వాయించి ముద్రించిన రికార్డింగుకు పూర్తిగా వేరే కాపీరైట్ ఉంటుంది. పాట రేడియోలో మోగినా, సభలో పాడినా, మరొకరు దాన్ని తిరిగి రికార్డు చేసినా రచయిత ఖాతాలో డబ్బు పడుతుంది. బ్రిటన్‌లో పీఆర్ఎస్, అమెరికాలో ఆస్కాప్, బీఎంఐ వంటి సంఘాలు వసూలు చేసి, రచయిత వాటాను బ్యాండుతోగానీ లేబుల్‌తోగానీ (అంటే రికార్డులు వేసి అమ్మే కంపెనీతోగానీ) పని లేకుండా నేరుగా రచయితకే పంపుతాయి. అమ్ముడైన ప్రతి ప్రతికీ ఇచ్చే సొమ్ము దీనికి అదనం. అమెరికాలో అది 2006 నుంచి 2022 దాకా పాట ఒక్కింటికి 9.1 సెంట్లుగా ఉండి, 2023లో 12 సెంట్లయింది. బ్యాండు లేబుల్‌కు ఎంత బాకీ ఉన్నా ఈ సొమ్ముకు సాధారణంగా ఆ బాకీ అంటదు. అందుకే బ్యాండ్లలో ఏ తగాదా తవ్వినా అడుగున పాట కింద ఎవరి పేరు పడిందన్న విషయమే కనిపిస్తుంది.

ఈ పేరుకు ఉన్న బలం చూడాలంటే అమెరికన్ బ్యాండు మెటాలికా నుంచి 1983 ఏప్రిల్‌లో బయటికి పంపబడిన గిటారు వాద్యకారుడు డేవ్ మస్టెయిన్‌ను చూడండి. ఆ బ్యాండు విడుదల చేసిన ఏ స్టూడియో ఆల్బములోనూ ఆయన గిటారు వినిపించదు. అయినా మొదటి ఆల్బములో నాలుగు పాటలకు, రెండో ఆల్బములో రెండింటికి సహరచయితగా ఆయన పేరు ఉంది కనుక, ఆ ఆల్బములు అమ్ముడైనన్నాళ్ళూ ఆయనకు వాటా అందుతూనే ఉంటుంది. క్వీన్ బ్యాండుది ఇంకా ముచ్చటైన ఉదాహరణ. 1975లో 'బొహీమియన్ రాప్సొడీ' సింగిల్‌కు రెండో వైపున డ్రమ్మరు రోజర్ టేలర్ రాసిన పాట వేశారు. జనం కొన్నది మొదటి వైపు కోసమే అయినా, రికార్డుకు రెండు వైపులూ ఉంటాయి కనుక అమ్ముడైన ప్రతి ప్రతి మీదా మొదటి వైపు పాట రాసిన గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీకి ఎంత వచ్చిందో టేలర్‌కూ అంతే వచ్చింది. ఆ నలుగురి మధ్య ఇది ఏళ్ళ తరబడి నలిగింది. చివరికి 1989 ఆల్బము నుంచి ఎవరు రాసినా రచయిత స్థానంలో 'క్వీన్' అనే వేయాలని నిర్ణయించుకున్నారు. డోర్స్, ఆర్ఈఎం బ్యాండ్ల వారు అంతకు ముందే ఆ పద్ధతిలో ఉన్నారు. డోర్స్ నలుగురూ అన్నింటినీ సమానంగా పంచుకోవడమే కాక, ఒక్కరు వద్దన్నా పాటను ప్రకటనలకు ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నారు. 1971లో వారి గాయకుడు జిమ్ మారిసన్ మరణించాక ఆయన నాలుగో వంతు వారసులకు వెళ్ళింది తప్ప మిగిలిన ముగ్గురికీ కలిసిరాలేదు.

అలాంటి ఒప్పందం లేనప్పుడు మాత్రం కోర్టు తేల్చాలి, కోర్టు ఏమంటుందో ముందుగా చెప్పడం కష్టం. స్పాండౌ బ్యాలే బ్యాండులో పాటలన్నీ గ్యారీ కెంప్ రాసినవే. ఆయన తనకు వచ్చే రచయిత సొమ్ములో కొంత బ్యాండు కంపెనీకి ఇస్తూ వచ్చి, 1980ల చివరిలో ఆపేశాడు. గాయకుడు టోనీ హ్యాడ్లీ, శాక్సఫోన్ వాయించే స్టీవ్ నార్మన్, డ్రమ్మరు జాన్ కీబుల్ కలిసి దావా వేశారు. ఆ సొమ్ము ఇస్తానన్న ఒప్పందం ఉందన్నారు; అది కాకపోయినా తామూ సహరచయితలమే అన్నారు. 1999లో లండన్ హైకోర్టు రెండింటినీ కొట్టివేసింది. కెంప్ పాటను బాణీతో, కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల) వరుసతో, మాటలతో సిద్ధం చేసుకుని వచ్చి వినిపించేవాడనీ, మిగిలినవారు చేసింది దాన్ని చక్కగా వాయించడమే తప్ప రచన కాదనీ న్యాయమూర్తి తేల్చాడు.

పదేళ్ళు తిరిగేసరికి మరో తీర్పు వేరే వైపు మొగ్గింది. ప్రోకల్ హారమ్ బ్యాండు 1967లో విడుదల చేసిన 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' పాటకు సంగీతం గ్యారీ బ్రూకర్‌ది, మాటలు కీత్ రీడ్‌వి అని నమోదైంది. పాట తయారయ్యాక బ్యాండులో చేరిన మాథ్యూ ఫిషర్ రికార్డింగు కోసం ఆర్గన్ మీద కట్టిన ఆరంభ రాగం ఎంత ప్రసిద్ధమంటే, చాలామందికి ఆ పాట అంటే ముందు గుర్తొచ్చేది అదే. ఫిషర్ 1969లోనే బ్యాండు వదిలాడు; దావా వేసింది 2005లో, అంటే పాట వచ్చిన 38 ఏళ్ళకు. 2006లో హైకోర్టు సంగీత కాపీరైట్‌లో ఆయనకు 40 శాతం వాటా ఉందని చెప్పింది. 2008లో అప్పీలు కోర్టు, సహరచయిత అనిపించుకోవచ్చు గానీ ఇంత ఆలస్యంగా వచ్చి డబ్బు అడగకూడదంది. 2009 జులైలో, అప్పట్లో బ్రిటన్‌లో చివరి అప్పీలు వినే ప్రభువుల సభ న్యాయమూర్తులు అయిదుగురూ ఏకగ్రీవంగా ఆ వాటాను తిరిగి నిలబెట్టారు. కాపీరైట్ యాజమాన్యం కోసం వేసే దావాకు చట్టంలో కాలపరిమితి లేదన్నారు. పైగా ఆలస్యం వల్ల నష్టపోయింది ఫిషరే తప్ప, అన్నేళ్ళూ మొత్తం సొమ్ము తీసుకున్న అవతలి వాళ్ళు కాదన్నారు. అయితే దావాకు ముందు 38 ఏళ్ళ రాయల్టీలో ఆయనకు ఏమీ రాలేదు, ఎందుకంటే అంతకాలం ఊరుకోవడం అనుమతి ఇవ్వడం కిందికే వస్తుంది.

రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. నార్మన్ శాక్సఫోన్ ముక్క ఎంత ఇంపుగా ఉన్నా, అది పాటలో అప్పటికే ఉన్న దాని మీద అల్లిక అని కోర్టు భావించింది; ఫిషర్ రాగం పాటలో లేని కొత్త బాణీ. మన కచేరీ పరిభాషలో చెప్పాలంటే ఒకటి సంగతి, మరొకటి పల్లవి. నా మట్టుకు నాకు ఈ గీత ఇంత తేటగా గీయవచ్చన్న నమ్మకం లేదు. రాక్ పాటల్లో సగం గిటారు వరుస మీదే నిలబడతాయి. డ్రమ్మరు కట్టిన నడక లేకపోతే కొన్ని పాటలు పాటలే కావు. అయినా చట్టం రాగాన్నీ మాటనూ చూసినట్టు నడకను చూడదు. అందువల్ల సహరచయిత అని నిరూపించుకోవడంలో అందరికంటే వెనకబడేది డ్రమ్మర్లే.

రెండో ఖాతా రికార్డింగుది. మీ పాత డ్రమ్మరుకు ముప్ఫై ఏళ్ళ తరవాత కూడా వస్తున్నది ప్రధానంగా ఇక్కడి నుంచే. రికార్డింగు సాధారణంగా లేబుల్ సొత్తు. బ్యాండుకు ఇంత శాతం ఇస్తామని లేబుల్ ఒప్పందం రాసుకుంటుంది, ఆ శాతాన్ని సభ్యులు తమలో తాము పంచుకుంటారు. ఆ రోజు ఒప్పందం మీద సంతకం పెట్టినవాడు, ఆ ఆల్బములో వాయించినవాడు తరవాత బ్యాండులో ఉన్నా లేకపోయినా ఆ ఆల్బము మీద హక్కు పోగొట్టుకోడు, తానుగా రాసిచ్చుకుంటే తప్ప. ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ పీట్ బెస్ట్. 1962 ఆగస్టులో బీటిల్స్ ఆయనను తీసేసి రింగో స్టార్‌ను పెట్టుకున్నారు, ఆ తరవాత వచ్చిన పేరు, డబ్బు ఏదీ ఆయనకు దక్కలేదు. 1995లో పాత ముద్రణలతో 'ఆంథాలజీ' మొదటి సంపుటి వచ్చినప్పుడు అందులో ఆయన డ్రమ్ములు ఉన్న పాటలు ఉండటంతో, ముప్ఫై మూడేళ్ళ తరవాత బీటిల్స్ డబ్బు తొలిసారి పెద్ద మొత్తంలో ఆయన ఇంటికి వచ్చింది.

దీనికి తోడు, రికార్డింగు ప్రసారమైనప్పుడు వాయించినవారికి నేరుగా వచ్చే సొమ్ము ఒకటి ఉంది. బ్రిటన్‌లో పీపీఎల్ అనే సంస్థ ప్రతి రికార్డింగుకూ ఎవరెవరు వాయించారో పేర్ల జాబితా పెట్టుకుని దాని ప్రకారమే పంచుతుంది. అమెరికాలో ఇంటర్నెట్ రేడియో, ఉపగ్రహ రేడియోల నుంచి సౌండ్ఎక్స్ఛేంజ్ వసూలు చేసిన దాంట్లో 50 శాతం రికార్డింగు యజమానికి, 45 శాతం ముఖ్య కళాకారులకు, 5 శాతం పక్కవాద్యాల వారి నిధికి వెళుతుంది. మామూలు రేడియోలో పాట వేసినందుకు మాత్రం అక్కడ వాయించినవారికి ఏమీ ఇవ్వరు, రచయితకే ఇస్తారు. ఇంత పెద్ద దేశంలో ఇది వింతే. ఈ జాబితాల్లో ఉండేది ఆ రోజు స్టూడియోలో ఉన్నవారి పేర్లే కనుక మీ కొత్త డ్రమ్మరు పదిహేనేళ్ళు వాయించినా వాటిలోకి ఎక్కడు.

మూడో ఖాతా భాగస్వామ్యానిది. దీన్ని బ్యాండ్లు పట్టించుకోవు, లాయర్లు మాత్రం ముందుగా ఇదే చూస్తారు. మాంచెస్టర్‌లో 1982లో మొదలై 1987లో ముగిసిన స్మిత్స్ బ్యాండులో పాటలు మోరిసీ, జానీ మార్ రాశారు. ఆ రచయిత సొమ్ము గురించి ఎవరికీ పేచీ లేదు. లేబుల్‌తో ఒప్పందం మీద సంతకాలూ ఆ ఇద్దరివే. రికార్డింగు, ప్రదర్శనల ఆదాయాన్ని ఆ ఇద్దరూ 40 శాతం చొప్పున, బాస్ వాయించే ఆండీ రూర్క్, డ్రమ్మరు మైక్ జాయిస్ 10 శాతం చొప్పున తీసుకుంటూ వచ్చారు. రూర్క్‌కు అప్పటికి డబ్బు అవసరం ఎక్కువగా ఉండి, 1989లో 83,000 పౌండ్లకూ, అదే 10 శాతానికీ ఒప్పుకుని వైదొలిగాడు. జాయిస్ కోర్టుకు వెళ్ళాడు. ఆయన వాదనకు ఆధారం 1890 నాటి భాగస్వామ్య చట్టం: వేరే ఒప్పందం లేనప్పుడు భాగస్థులందరికీ లాభం సమానం. పది శాతానికి జాయిస్ ఒప్పుకున్నాడని అవతలి పక్షం నిరూపించలేకపోయింది. 1996 డిసెంబరులో న్యాయమూర్తి వీక్స్ ఆయనకు 25 శాతం వాటా ఉందన్నాడు, 1998లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. పాత బకాయిలు పది లక్షల పౌండ్ల దాకా ఉంటాయని అప్పట్లో లెక్క వేశారు. ఒకే బ్యాండులో, ఒకే హోదాలో, ఒకేసారి వాయించిన ఇద్దరిలో ఒకరికి పది, మరొకరికి ఇరవై అయిదు. ఈ తేడా వాళ్ళ వాద్యాల వల్లగానీ ప్రతిభ వల్లగానీ వచ్చింది కాదు, ఒకరు సంతకం పెట్టారు, ఒకరు పెట్టలేదు.

భాగస్థుడు కావడం అన్నివేళలా లాభమే అనుకోకండి. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు 'ది వాల్' ఆల్బము తయారీలో కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్‌ను బ్యాండు నుంచి తప్పించి, 1980-81 ప్రదర్శనలకు జీతం మీద పెట్టుకున్నారు. ఆ ప్రదర్శనల ఖర్చు భారీ కావడంతో మిగిలిన ముగ్గురు భాగస్థులూ నష్టాన్ని భరించగా, డబ్బు మిగుల్చుకున్నది జీతగాడు ఒక్కడే.

ఇక విడిపోయేటప్పుడు ఏం రాసుకుంటారన్నది. గన్స్ ఎన్ రోజెస్ 1990లో డ్రమ్మరు స్టీవెన్ ఆడ్లర్‌ను తీసేసింది. ఆయన దావా వేయగా 1993లో ఇరవై లక్షల డాలర్లకు పైగా ఇచ్చి, ఆయన వాయించిన వాటి మీద రాయల్టీని కొనసాగనిచ్చి రాజీ చేసుకున్నారు. మామూలుగా ఇలాంటి కాగితంలో ఆయన ఉన్నకాలపు రికార్డింగుల వాటా అలాగే కొనసాగుతుందనీ, ఇక మీదట వచ్చే ఆల్బములు, ప్రదర్శనలు, బ్యాండు పేరుతో అమ్మే సరుకు మీద హక్కు ఉండదనీ, పేరును వాడుకోబోడనీ రాస్తారు.

ఇందులో చాలామంది చూడకుండా దాటేసే వాక్యం ఒకటుంది, దాని గురించి చెప్పాలనే అసలు ఇంత రాశాను. లేబుల్ ముందుగా ఇచ్చిన అడ్వాన్సూ, స్టూడియో ఖర్చూ బ్యాండు వాటాలోంచి తీరేదాకా రాయల్టీ చేతికి రాదు. లేబుల్ పుస్తకాల్లో బ్యాండుకు ఖాతా ఒక్కటే. నలుగురు సభ్యుల బ్యాండుకు 20 శాతం ఇస్తారనుకుందాం, తలా 5 శాతం. మూడు ఆల్బముల తరవాత బాస్ వాద్యకారుడు వెళ్ళిపోయాడు. అప్పటికి బాకీ తీరి అతనికి సొమ్ము వస్తోంది. మిగిలినవారు పెద్ద అడ్వాన్సు తీసుకుని నాలుగో ఆల్బము చేశారు, అది పోయింది. ఆ బాకీని లేబుల్ పాత మూడు ఆల్బముల రాబడి నుంచి మినహాయించుకుంటుంది, అందులో వెళ్ళిపోయినవాడి 5 శాతమూ కలిసిపోతుంది. తాను వాయించని, కనీసం వినని ఆల్బము అప్పును అతను తీరుస్తాడన్నమాట. ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడిన తమ్ముడి వాటా భూమిని, అన్న తరవాత చేసిన అప్పుకు జప్తు చేసినట్టుంటుంది. నేను తనిఖీ చేసిన ఒక ఖాతాలో ఇలా పదకొండేళ్ళు సున్నా చూపించారు. ఆ పెద్దమనిషి తన రికార్డులు ఎవరూ కొనడం లేదనే అనుకున్నాడు. 'నేను వెళ్ళిన తేదీ తరవాతి ఖర్చులు నా వాటాకు పట్టకూడదు' అన్న ఒక్క వాక్యానికి లేబుల్ చేత కూడా సంతకం పెట్టించి ఉంటే సరిపోయేది. సభ్యుల మధ్య రాసుకుంటే చాలదు, ఎందుకంటే డబ్బు పట్టుకునేది లేబుల్.

ఐరోపా చట్టం దీనికి చాలా ఆలస్యంగానే అయినా ఒక హద్దు పెట్టింది. రికార్డింగు రక్షణను 50 ఏళ్ళ నుంచి 70 ఏళ్ళకు పెంచిన 2011 ఆదేశం ప్రకారం, యాభై ఏళ్ళు దాటాక పాత అడ్వాన్సుల పేరుతో కళాకారుల రాయల్టీని మినహాయించకూడదు; ఒకసారి ఇంత అని తీసుకుని వాయించి వెళ్ళిన పక్కవాద్యకారుల కోసం లేబుళ్ళు ఆ రికార్డింగుల రాబడిలో 20 శాతం పక్కన పెట్టాలి. బ్రిటన్‌లో ఇది 2013 నవంబరు నుంచి అమలులో ఉంది.

మన దేశంలో బ్యాండు నడుపుతున్నవారు ఈ సమాధానం చదువుతుంటే వారికి రెండు మాటలు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం పాట రాసినవారి, బాణీ కట్టినవారి రాయల్టీ హక్కును సంఘానికో వారసులకో తప్ప మరొకరికి వదులుకోవడానికి వీలు లేకుండా చేసింది. రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే మన సంఘం ఐపీఆర్ఎస్‌లో పాటను నమోదు చేసేటప్పుడు ఎవరికి ఎంత శాతమో రాయాలి, ఆ రాత తరవాత మార్చడం కష్టం. సభ్యుల మధ్య కాగితం లేకపోతే జాయిస్‌ను గెలిపించిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ కూడా వేరే ఒప్పందం లేకుంటే లాభాలు సమానమనే చెబుతుంది. ఆరుగురిలో ఇద్దరే పాటలు కడుతూ, వాద్యాలు కొనడానికి ఒక్కరే డబ్బు పెడుతుంటే, ఆ సమానత్వం మీకు సమ్మతమో కాదో ముందే మాట్లాడుకోండి.

మళ్ళీ మీ కొత్త డ్రమ్మరు దగ్గరికి వస్తే, ఆయన బహుశా జీతం మీదో, ప్రదర్శనకు ఇంత అన్న లెక్క మీదో ఉండి ఉంటాడు. టికెట్ల రాబడిలో వాటా ఉంటే అది ఆయన అడిగి సాధించుకున్నదే అయి ఉంటుంది. కానీ ఈ పదిహేనేళ్ళలో ఆ బ్యాండు తన ప్రదర్శనను రికార్డు చేసి లైవ్ ఆల్బముగా విడుదల చేసిందేమో చూడండి. చేసి ఉంటే అది కొత్త రికార్డింగు, కొత్త జాబితా. అందులో పాటలు పాతవే కనుక రచయిత సొమ్ము ఎప్పటిలా పాత రచయితలకే వెళుతుంది. వాయించినవారి జాబితాలో మాత్రం కొత్త డ్రమ్మరు పేరుంటుంది, పాత డ్రమ్మరు పేరు ఉండదు.